రికార్డు కొనాలా, సీడీలు ఏరుకోవాలా, ఫోన్ చాలా? నెల్లూరు ఎండల్లో పాత రాక్ వినేవాళ్ల కోసం

పోయిన సంక్రాంతికి మా అక్క కొడుకు కావలి నుంచి వచ్చి, అరిసె నములుతూ మెల్లగా కదిపాడు. "మామా, పాతిక వేలు పక్కన పెట్టుకున్నా. రికార్డు ప్లేయర్ కొందామనుకుంటున్నా. పింక్ ఫ్లాయిడ్‌ని రికార్డు మీద వింటే ఆ కథే వేరంట గదా." వాడికి ఇరవై నాలుగేళ్లు. చెన్నైలో ఉద్యోగం, వారం వారం రైల్లో రాకపోకలు. నేను ఒకటే అడిగాను. "మొదటి పాట నుంచి చివరి పాట దాకా, మధ్యలో ఏదీ దాటెయ్యకుండా, ఇప్పటికి ఎన్ని ఆల్బమ్‌లు విన్నావురా?" వాడు కాసేపు పైకి చూశాడు, వేళ్లు మడవబోయి మానేశాడు. "ఒకటిన్నర."

ఏది కొనాలని అడిగేవాళ్లంతా ఏది బాగా వినిపిస్తుందనే అడుగుతారు. నా లెక్కలో అది రెండో ప్రశ్న. 1960ల చివర నుంచి 70ల చివరి దాకా వచ్చిన రాక్‌లో మంచిదంతా చాలావరకు విడి పాటలుగా చేసింది కాదు, ఎల్పీ, అంటే పెద్ద రికార్డు, ఒక వైపు పట్టే ఇరవై, ఇరవై రెండు నిమిషాలకు సరిపడా అల్లింది. అందుకని మీ ఇంట్లో, మీ ప్రయాణంలో, మీ కరెంటుతో, మీ ఎండలో ఏ సాధనం మిమ్మల్ని ఆ ఇరవై నిమిషాలు కుదురుగా కూర్చోబెడుతుందో అది కొనండి. శబ్దం నాణ్యత సంగతి ఆ తర్వాత చూసుకుందాం. అదీ చూద్దాం, ఎందుకంటే దాని పేరు చెప్పి డబ్బులు బాగానే లాగుతున్నారు.

ముందు మా తరం విన్న తీరు చెప్తాను

పాతవాళ్లు "మా రోజుల్లో ఎంత శ్రద్ధగా వినేవాళ్లం" అని మొదలుపెడితే నమ్మకండి. అది శ్రద్ధ కాదు, గతి లేక విన్నాం. 90ల మొదట్లో నెల్లూరులో డిగ్రీ చదివేటప్పుడు మా నలుగురికీ కలిపి రాక్ క్యాసెట్లు పన్నెండో పదమూడో ఉండేవి. క్యాసెట్ల కొట్లో ఇంగ్లీషు పాటలంటే ఒక్క అర, అందులో ఆబా, బోనీ ఎం, మైకేల్ జాక్సన్. మిగతావి కావాలంటే రెండు దార్లు. ఒకటి, పొద్దున రైలెక్కి మద్రాసు పోయి బర్మా బజార్లో వెతుక్కుని రాత్రికి తిరిగి రావడం. రెండోది రికార్డింగ్ సెంటర్.

రికార్డింగ్ సెంటర్ అంటే ఇప్పటి పిల్లలకు చెప్పాలి. ఖాళీ క్యాసెట్ ఇచ్చి, కావలసిన పాటలు చీటీ మీద రాసిస్తే రెండు మూడు రోజుల్లో ఎక్కించి ఇస్తారు, డబ్బా మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాసి. అక్కడికొచ్చే జనం దాదాపు అందరూ ఇళయరాజా పాటల కోసమే. మా చీటీ చూస్తే కొట్టాయన మొహం ఉప్పు తక్కువైన పులుసు తాగినట్టు ఉండేది. అయినా చేసిచ్చేవాడు. అలా ఈగల్స్ వాళ్ల 'హోటల్ కాలిఫోర్నియా' తెచ్చుకుని ఏళ్ల తరబడి విన్నాను, డిగ్రీ అయిపోయి, ఉద్యోగం వచ్చాక ఒకరోజు సహోద్యోగి గదిలో సీడీ మీద అదే పాట వస్తే, గొంతు ఆగిపోయాక కూడా పాట ఆగలేదు. ఇద్దరు గిటారిస్టులు, డాన్ ఫెల్డర్, జో వాల్ష్, ఒకరి తర్వాత ఒకరు, తర్వాత ఇద్దరూ కలిసి, రెండు నిమిషాలకు పైగా వాయిస్తూనే ఉన్నారు. నా క్యాసెట్లో అది లేదు. నెల్లూరు వెళ్లినప్పుడు కొట్టాయన్ని అడిగితే ఆయన చాలా మామూలుగా, "పాట అయిపోయింది గదా, ఆ తర్వాత ఊరికే వాయించుకుంటా ఉన్నారు, క్యాసెట్ దండగ ఎందుకని ఆపేశా" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ కోపం రాలేదు. ఇవాళ ఫోన్ మీద తర్వాతి పాట బొత్తాం నొక్కే బొటనవేలు కూడా ఆయన చేసిన పనే చేస్తోంది, రోజుకు యాభై సార్లు. ఆయనకైనా ఒక కారణం ఉంది. సీ-60 క్యాసెట్లో వైపుకి ముప్పై నిమిషాలే, సీ-90 అయితే నలభై అయిదు. సీ-90లో ఒక్కో వైపు ఒక్కో ఎల్పీ మొత్తం పట్టేది, అందుకే మాకు సీ-90 అంటే ప్రాణం. కాకపోతే దాని టేపు పల్చన, పాత టేప్ రికార్డర్లు దాన్ని నమిలేసేవి.

ఇంకోటి. డీప్ పర్పుల్ వాళ్ల 'స్మోక్ ఆన్ ది వాటర్' మేం చాలాకాలం ఏదో యుద్ధం పాట అనుకున్నాం. 1971 డిసెంబర్‌లో స్విట్జర్లాండ్‌లోని మాంత్రోలో, అమెరికా రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా క్యాసినో తగలబడిపోతే, ఆ పొగ సరస్సు మీద కమ్ముకోవడం చూసి రాసుకున్న పాట అని తెలిసేసరికి గిటారు మీద ఆ ముక్క వాయించడం కూడా మాలో ఒకడికి వచ్చేసింది. ఇప్పుడైతే అర నిమిషంలో తెలుస్తుంది. అప్పుడు తెలియకపోవడం వల్ల ఒరిగిందేమీ లేదు, టీ కొట్టు దగ్గర వాదించుకోవడానికి ఇంకొంచెం సరుకు దొరికింది, అంతే.

ఉచిత యూట్యూబ్

దీని మీద ఎక్కువ రాయను. ఒక బ్యాండు మీకు నచ్చుతుందో లేదో తేల్చుకోవడానికి, పాత కచేరీల వీడియోలు చూడటానికి ఇంతకు మించింది లేదు. ఆల్బమ్ వినడానికి మాత్రం పనికిరాదు. ఫోన్ తెర ఆపితే పాట ఆగిపోతుంది, మంచి ఘట్టంలో ఏ సిమెంటు ప్రకటనో వచ్చి కూర్చుంటుంది, వీడియో కాబట్టి డేటా కూడా దండగ. పైగా ఎవరో వేగం మార్చి, గొంతు మార్చి ఎక్కించినవి అసలువని పొరపాటు పడే ప్రమాదం ఉంది. రుచి చూడటానికి వాడండి, భోజనానికి కాదు.

డబ్బు కట్టి వినే యాప్‌లు

నూటికి తొంభై మందికి నా సలహా ఇదే. స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, యూట్యూబ్ మ్యూజిక్, ఏదైనా ఒకటి. నెలకు వంద నుంచి రెండొందల మధ్య ఖర్చు. మా కాలంలో ఒక్క క్యాసెట్ కోసం మద్రాసు రైలు ఖర్చులు పెట్టుకున్నవాడికి ఇది ఎంత చవకో వేరే చెప్పక్కర్లేదు. పాత రాక్ విషయంలో ఇంకో సంగతి ఉంది. చాలా ఏళ్లు పెద్ద బ్యాండ్లు ఈ యాప్‌లకు దూరంగానే ఉన్నాయి. పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెప్పెలిన్ 2013లో స్పాటిఫైకి వచ్చాయి, ఏసీ డీసీ 2015లో. బీటిల్స్ అయితే 2015 క్రిస్మస్ ముందు రోజు దాకా ఏ స్ట్రీమింగ్‌లోనూ లేరు. మన దేశంలోకి స్పాటిఫై వచ్చింది 2019 ఫిబ్రవరిలో, ఆ మరుసటి నెల యూట్యూబ్ మ్యూజిక్. అప్పటికి 2016లో జియో వచ్చి డేటాను మంచినీళ్లలా చేసేసింది కాబట్టి, కావలిలో కూర్చున్నవాడికీ లండన్‌లో కూర్చున్నవాడికీ వినే సరుకులో తేడా పోయింది.

అన్నీ దొరుకుతాయి కదా అని అలాగే మొదలుపెట్టకండి. ఈ యాప్‌లు కొత్త పాటల కోసం, పాట తర్వాత పాట తోసుకొచ్చే అలవాటు కోసం కట్టినవి. స్పాటిఫై లెక్కలో ముప్పై సెకన్లు వింటే ఒక పాట విన్నట్టే. పింక్ ఫ్లాయిడ్ 1975లో చేసిన 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్'లో గొంతు వినపడటానికే ఎనిమిది నిమిషాలు దాటుతుంది. మా వాడు దాన్ని మాటల్లేని వాయిద్య సంగీతం అనుకుంటున్నాడు, ఎప్పుడూ అంతదాకా పోలేదు మరి.

అందుకని ఖాతా తెరవగానే సెట్టింగుల్లోకి వెళ్లి కొన్ని మార్చుకోండి. ఒక పాట చివర ఇంకో పాట మొదలును కలిపేసే క్రాస్‌ఫేడ్ ఉంటుంది, దాన్ని ఆపేయండి. ఖాళీ లేకుండా పాటల్ని అతికించే గ్యాప్‌లెస్ మాత్రం ఉంచండి. ఈ రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది, కాదు. 1969లో వచ్చిన బీటిల్స్ 'ఆబీ రోడ్' రెండో వైపు చివర్లో పదహారు నిమిషాల పాటు చిన్న చిన్న పాటలు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తాయి. మధ్యలో సెకను గ్యాప్ వచ్చినా, ఒకదాని మీద ఒకటి పడినా, తాడు తెగినట్టే. ఆల్బమ్ అయిపోగానే యాప్ తనకు తోచిన పాటలు పెట్టే ఆటోప్లే ఉంటుంది, దాన్నీ ఆపండి. చివరి పాట తర్వాత కాస్త నిశ్శబ్దం ఉండనివ్వండి. షఫుల్ గురించి మాట్లాడటం కూడా నాకు ఇష్టం లేదు.

ఇంకో చిక్కు, ఒకే ఆల్బమ్ నాలుగు రకాలుగా కనిపిస్తుంది. 2009 రీమాస్టర్ (పాత టేపునే మళ్లీ శుభ్రం చేసి, శబ్దం సర్ది వేసింది), యాభై ఏళ్ల డీలక్స్ ఎడిషన్, సూపర్ డీలక్స్, ఇంకేవో. కొత్తవాళ్లు పెద్దది మంచిదనుకుని డీలక్స్ మొదలుపెడతారు, పది పాటల తర్వాత అదే పాట సగం సగం పాడిన ప్రాక్టీసు ముక్కలు ఆరు వస్తాయి, విసుగొచ్చి ఆ బ్యాండే వదిలేస్తారు. అసలు ఎల్పీలో ఎన్ని పాటలున్నాయో చూసుకుని అక్కడికి ఆపండి. మిగతావి పిచ్చి ముదిరాక వినొచ్చు.

ఇయర్‌ఫోన్ ఒకటే చెవిలో పెట్టుకుని, రెండోది పక్కన కూర్చున్న ఫ్రెండుకి ఇచ్చి వినే అలవాటుంటే ఒక మాట. బీటిల్స్ మొదటి ఆల్బమ్‌ల స్టీరియోలో గొంతులన్నీ ఒక చెవిలో, వాయిద్యాలన్నీ ఇంకో చెవిలో ఉంటాయి. అప్పట్లో రెండే ట్రాకుల టేపు మీద రికార్డు చేశారు, అందుకని అలా. మీకు పాట వస్తుంది, వాడికి డప్పు వస్తుంది. ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద మోనో ఆడియో అని ఉంటుంది, అది నొక్కితే ఇద్దరికీ అంతా వినపడుతుంది.

నెల్లూరు నుంచి చెన్నై రైల్లో రెండున్నర, మూడు గంటలు. సుమారు నాలుగు ఎల్పీలు. మధ్యలో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది కాబట్టి ముందు రాత్రే దించి పెట్టుకోండి. 320 కేబీపీఎస్ నాణ్యతలో గంటకు సుమారు 144 ఎంబీ, అంటే ఒక ఆల్బమ్ వంద ఎంబీ. సీడీ నాణ్యతలో కావాలంటే దానికి రెండు మూడింతలు.

లోపం కూడా చెప్పాలి. అద్దె ఇల్లు అద్దె ఇల్లే. రాక్ గాయకుడు నీల్ యంగ్ 2022 జనవరిలో స్పాటిఫైతో తగువు పెట్టుకుని తన పాటలన్నీ తీసేయించాడు, 2024లో తిరిగొచ్చాడు. ఆ రెండేళ్లూ అక్కడ డబ్బు కట్టేవాళ్లకు ఆయన లేనట్టే. యాప్‌లే పోవడం కూడా ఉంది, గూగుల్ ప్లే మ్యూజిక్ 2020 చివర్లో మూసేశారు, మన దగ్గర రెస్సో, వింక్ 2024లో పోయాయి. మీకు నిజంగా ప్రాణమైన పది ఆల్బమ్‌లు ఉంటే, అవి అద్దెకు కాకుండా సొంతానికి ఏదో ఒక రూపంలో పెట్టుకోండి. అందుకే కింద రాసినవి.

సీడీ, ఎవరూ పట్టించుకోని మంచి బేరం

అందరూ రికార్డు, రికార్డు అంటుంటే నేను సీడీ అంటే మా వాడు జాలిగా చూశాడు. కానీ లెక్క వెయ్యండి. సోనీ, ఫిలిప్స్ కలిసి 1982లో బయటికి తెచ్చిన ఈ పళ్లెం 74 నిమిషాలు పడుతుంది, 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. ఇవాళ యాప్‌లు "లాస్‌లెస్", అంటే శబ్దంలో ఏదీ పోకుండా, అని గొప్పగా చెప్పుకునేది మొదలయ్యేది ఇక్కడి నుంచే. పాత సీడీలు పాత సామాన్ల కొట్లలో, ఇల్లు మారేవాళ్ల దగ్గర, ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌గా వందకీ రెండొందలకీ కూడా దొరుకుతున్నాయి. ప్లేయర్ కొనక్కర్లేదు. మీ అటక ఎక్కండి, అక్కడ తెల్లారి మూడింటి దాకా అద్దె సినిమాలు చూసిన డీవీడీ ప్లేయర్ ఉంటుంది, దుమ్ము దులిపి ఆడియో తీగ స్పీకర్లకు పెడితే సీడీ పాడుతుంది. రిమోట్‌లో సెల్స్ కారి పచ్చగా అయిపోయి ఉంటాయి, అది మాత్రం చూసుకోండి.

ఇంకో లాభం, 80లు, 90ల మొదట్లో వచ్చిన సీడీలు చాలావరకు మెత్తగా, ఊపిరి పీల్చుకునే చోటుతో ఉంటాయి. తర్వాత వచ్చిన కొన్ని రీమాస్టర్లలో అంతా ఒకే హోరుగా పెంచేశారు, చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ తేడా పోయింది. డ్రమ్ము దెబ్బ తగలాలంటే దాని ముందు కాస్త సద్దుమణగాలి కదా. యాప్‌లో ఏ ముద్రణ పెట్టాలో మీ చేతిలో ఉండదు, సీడీ అయితే మీరు కొన్నది మీ దగ్గరే ఉంటుంది.

మన గాలితో జాగ్రత్త. సముద్రం దగ్గర ఊళ్లలో, మైపాడు వైపు గానీ ఇటు కొత్తపట్నం వైపు గానీ, లోపలి పుస్తకం పేజీలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారెయ్యకుండా ఆ పెట్టెలో వెయ్యండి. తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పకండి, మధ్యలోంచి అంచుకు తిన్నగా తుడవండి. ఒకప్పుడు వందేసి పాటలు కాల్చి ఇచ్చిన సీడీలు వేరు, వాటిని నమ్ముకోకండి, నావి సగం పైగా చదవడం మానేశాయి.

సీడీ కొన్నాక దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి నాణ్యత తగ్గించని ఫ్లాక్ ఫైళ్లుగా పెట్టుకోవడం మంచి పద్ధతి. బయట తగిలించే డీవీడీ డ్రైవ్ రెండు వేల లోపు వస్తుంది, ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాం ఉచితం. ఒకసారి చేస్తే ఇంటర్నెట్ లేకున్నా, యాప్ మూసినా, అవి మీవే. హాస్టల్ రోజుల్లో హార్డ్ డిస్కుల మీద చేతులు మారిన 128 కేబీపీఎస్ ఎంపీత్రీలు ఇంకా దాచుకున్నవాళ్లుంటే, జ్ఞాపకానికి ఉంచుకోండి, వినడానికి కాదు. వాటిలో డ్రమ్ముల పక్కన మోగే ఇత్తడి తాళాల శబ్దం ఇసక మీద నీళ్లు పోసినట్టు ఉంటుంది. పేర్లు కూడా సగం తప్పు, ఎవరు పాడినా ఇంకెవరి పేరో.

రికార్డు, అంటే ఎల్పీ

అసలు గొడవ ఇక్కడే. అమెరికాలో 2022లో, 1987 తర్వాత మొదటిసారిగా, సీడీల కంటే ఎల్పీలు ఎక్కువ సంఖ్యలో అమ్ముడుపోయాయి. దాంతో రీల్స్ నిండా సూట్‌కేసు ఆకారంలో రంగురంగుల ప్లేయర్లు. మా వాడు చూసి మనసు పడింది అదే. అదొక్కటి మాత్రం కొనకండి. మామూలు మంచి ప్లేయర్లో సూది రికార్డు మీద ఒకటిన్నర, రెండు గ్రాముల బరువుతో ఆనుతుంది. చవక సూట్‌కేసు వాటిలో చాలావరకు దానికి రెండింతలు దాటి నొక్కుతాయి. మూడు వేలు పోసి కొన్న రికార్డును కొడవలితో గీకినట్టే.

మంచిది కావాలంటే ప్లేయరుకే పదిహేను వేల పైమాట. అందులో ఫోనో ప్రీయాంప్, అంటే సూది నుంచి వచ్చే సన్నని శబ్దాన్ని స్పీకర్లకు సరిపడా పెంచేది, ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే అదీ కొనాలి. తర్వాత స్పీకర్లు. తర్వాత బ్రష్షు. కొత్త ఎల్పీ రెండు వేలకు తక్కువకి దొరకడం అరుదు. సూది కొన్ని వందల గంటలకు అరుగుతుంది, అదీ మార్చాలి. పాతిక వేలతో మొదలుపెడితే చేతిలో ప్లేయరూ రెండు రికార్డులూ ఉంటాయి, జేబు ఖాళీ.

అమెరికాలో ఉన్న బంధువులు "మా ఇంట్లో పాతదొకటి ఉంది, తెస్తాం" అంటే సంబరపడిపోకండి. మన జిల్లాల్లో ఇలాంటి బంధువులు లేని ఇల్లు తక్కువ కాబట్టి చెప్తున్నా. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్, మనది 230, 50. వోల్టులకు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు, కానీ పాత ప్లేయర్లలో మోటారు వేగం హెర్ట్జ్‌ని బట్టి నడిచే రకమైతే నిమిషానికి 33 చుట్లు తిరగాల్సింది 28కి కాస్త తక్కువగానే తిరుగుతుంది. లెడ్ జెప్పెలిన్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్ గొంతు నిద్రమాత్ర వేసుకున్నట్టు వస్తుంది. అడాప్టర్ మీద 100 నుంచి 240 అని రాసున్న కొత్త రకమైతే ఇబ్బంది లేదు. ఫోటో తీసి పంపించమని అడగండి, తర్వాతే సూట్‌కేసులో పెట్టించండి.

కరెంటు పోవడం ఇంకో ముచ్చట. సోలో మధ్యలో పోతే రికార్డు మూలుగుతూ ఆగిపోతుంది, సూది దాని మీదే ఉంటుంది, చీకట్లో తడుముకుంటూ పోయి ఎత్తాలి. ఇన్వర్టర్ ఉందిగా అంటారా, పాత స్క్వేర్ వేవ్ రకమైతే స్పీకర్లలో తుమ్మెద దూరినట్టు రొద.

అన్నిటికంటే పెద్ద శత్రువు మే నెల. నేను చెన్నైలో ఒక పాత ఎల్పీ కొని, ఒంగోల్లో పెళ్లికి దిగి, దాన్ని కారు వెనక సీటు మీద వదిలేసి భోజనానికి పోయాను. రోహిణి కార్తె. తిరిగొచ్చేసరికి అది అప్పడంలా ఒంపు తిరిగింది. రికార్డు పీవీసీ కదా, ఎండలో మూసేసిన కారు వేడికి మెత్తబడిపోతుంది. అటక మీద పెట్టొద్దు, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. నిలబెట్టి, పడమటి గోడకు దూరంగా ఉంచండి. తరాలనాటి ఇళ్లల్లో కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన హెచ్ఎంవీ రికార్డులు ఇంకా దొరుకుతుంటాయి, వాటిలో అప్పుడప్పుడూ బీటిల్స్ కూడా. కవర్ చూసి కొనకండి, బయటికి తీసి వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని గీతలు చూడండి. చాలావాటిని అప్పటి బరువైన సూదులే తినేశాయి.

ఇన్ని చెప్పి కూడా, రికార్డు వద్దని అనలేను. ఎందుకంటే మొదట్లో చెప్పిన పరీక్షలో అన్నిటికంటే బాగా నెగ్గేది అదే. పాట దాటెయ్యాలంటే లేచి పోయి సూది ఎత్తాలి, ఆ బద్ధకమే మనల్ని కూర్చోబెడుతుంది. 1973 నాటి 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' మొదటి వైపు ఒక ఆడగొంతు మాటల్లేకుండా ఏడ్చి ఏడ్చి సద్దుమణగడంతో ముగుస్తుంది. అప్పుడు లేచి, రికార్డు తిప్పి, సూది పెడితే గల్లాపెట్టె చప్పుడుతో రెండో వైపు మొదలవుతుంది. మధ్యలో ఆ పది అడుగుల నడక ఆల్బమ్‌లో భాగం. యాప్‌లో ఏడుపు ఆగిన వెంటనే చిల్లర మోగుతుంది. నాకైతే అది చావింట్లో డబ్బులు లెక్కపెట్టినట్టు ఉంటుంది.

సొంత ఇల్లు, ఒక చల్లని గది, నెలకు ఒక రికార్డు కొనే స్తోమత, సాయంత్రం గంట ఖాళీ, ఈ నాలుగూ ఉన్నవాళ్లు కొనుక్కోండి. కొంటే దాన్ని చెక్క బల్ల మీద ఊరికే పెట్టకండి, అడుగుల చప్పుడుకే సూది ఎగురుతుంది. కింద బరువైన రాయి కావాలి. విదేశాల్లో పిచ్చి ముదిరినవాళ్లు ప్లేయర్ పీఠాన్ని పలక రాయితో చేయించుకుంటారు, ఎందుకంటే అది పొరలు పొరలుగా ఉండి అదురుని మింగేస్తుంది. మనకు పలకల ఊరు మార్కాపురం ఉంది. అది కుదరకపోతే చీమకుర్తి గ్రానైట్ ముక్క, కింద నాలుగు రబ్బరు బిళ్లలు, ఎందుకంటే గ్రానైట్‌ని విడిగా తడితే గంటలా మోగుతుంది. బండలు కోసే చోట తుక్కులో పడున్న ముక్క అడిగితే టీ డబ్బులకి ఇస్తారు.

క్యాసెట్ మళ్లీ ఫ్యాషన్ అంటున్నారు

వద్దు. పెన్సిలు పెట్టి టేపు చుట్టినవాళ్లెవరూ మళ్లీ అడగరు. మన చెమ్మకు టేపు మీద తెల్ల బూజు పడుతుంది, ప్లేయర్ లోపలి బెల్టు తారులా కరిగిపోతుంది, బాగుచేసే మనిషి దొరకడు. ఇంట్లో పాతవి ఉంటే, అందులో మీ నాన్న గొంతో తాతయ్య పద్యమో ఉంటే, ముందు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించుకోండి. రాక్ సంగతి తర్వాత.

చెవుల సంగతి

పైన ఏది ఎంచుకున్నా చివరికి చెవిలోకి పోయేది ఇయర్‌ఫోన్ లోంచే కదా. లాస్‌లెస్ ప్లానుకి ఎక్కువ డబ్బు కట్టి, బ్లూటూత్ బడ్స్‌తో వినేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. బ్లూటూత్ ఎలాగూ పాటను మళ్లీ కుదించే పంపుతుంది. ఆ డబ్బు మిగుల్చుకుని పదిహేను వందలు, రెండు వేల తీగ ఇయర్‌ఫోన్, ఫోనుకి జాక్ లేకపోతే వెయ్యి లోపు వచ్చే చిన్న యూఎస్‌బీ అడాప్టర్ కొనండి. మీరు పెట్టే ఖర్చుల్లో దేనికీ ఇంత తేడా తెలియదు. తీగకి ఇంకో గుణం ఉంది, లేచి అటూ ఇటూ తిరగనివ్వదు. ఇంట్లో స్పీకర్లయితే చెన్నై రిచ్చీ స్ట్రీట్ నుంచి జత తెచ్చుకోండి, ఒంటి బ్లూటూత్ డబ్బా కాదు. ఎడమా కుడీ విడిగా లేకపోతే స్టీరియోలో వాళ్లు పడ్డ కష్టమంతా ఒక డబ్బాలో కలగాపులగం.

మా వాడు చివరికి ఏం చేశాడంటే, ఒక యాప్‌కి ఏడాది డబ్బు కట్టాడు, తీగ ఇయర్‌ఫోన్ కొన్నాడు, మా అటక మీది డీవీడీ ప్లేయరూ నా సీడీల్లోంచి ఓ పదీ సంచిలో వేసుకుపోయాడు, తిరిగిస్తానన్నాడు గానీ నాకు నమ్మకం లేదు. మార్చిలో ఒక సోమవారం తెల్లారుజామున ఫోన్ చేశాడు. రైలు గూడూరు దాటిందంట. "మామా, మాటలున్నాయి. ఎనిమిది నిమిషాలయ్యాక మొదలైనాయి."

పాతిక వేలల్లో ఇంకా ఇరవై దాకా మిగిలాయి. రికార్డు ప్లేయర్ ఆశ ఏం చావలేదు. వర్షాలు పడ్డాక చూద్దాం మామా అంటున్నాడు, ఈలోపు మార్కాపురంలో తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా, అడుగున్నర పలక రాయి ఎంతుంటుందో కనుక్కోమని నా ప్రాణం తీస్తున్నాడు.